అత్తగారు షెడ్డు ఊడ్చారు, నిండా ఎలుక పెంటికలు... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం కొలరాడోలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గర పోయినేడు ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. పెరట్లో చెక్క షెడ్డు ఉంది. చలికాలమంతా దాని తలుపు తీయలేదు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు (62 ఏళ్ళు) తొమ్మిది రోజుల క్రితం, మేం ఆఫీసులో ఉన్నప్పుడు, ఆ షెడ్డు తెరిచి చీపురుతో మూల మూలా ఊడ్చేశారు. సాయంత్రం వచ్చి చూస్తే చెత్త సంచిలో గుప్పెడు ఎలుక పెంటికలు, పాత పరుపులోంచి లాగిన దూదితో కట్టిన గూడు. హాలీవుడ్ నటుడు జీన్ హ్యాక్‌మన్ భార్య, ఎలుకల నుంచి సోకే హాంటావైరస్‌తో చనిపోయారన్న వార్త అప్పట్లో చదివాను. అది గుర్తొచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా వారేమో "ఎలుకల మధ్యే పెరిగాం, మనకేమవుతుంది" అంటున్నారు. అత్తగారికి ఇప్పటివరకు జ్వరం లేదు. ఆరేళ్ళ బాబు ఆవిడ పక్కనే పడుకుంటాడు. నాకు ఐదో నెల. ఆవిడ మూడు వారాల్లో తెనాలి వెళ్ళిపోతారు. ఆవిడకి రక్తపరీక్ష చేయించాలా? బాబుని దూరంగా ఉంచాలా? అసలు ఈ జబ్బు ఎవరికి వస్తుంది, ఎలా వస్తుంది? (ఒక కోడలు, కొలరాడో)

జవాబు: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టనివ్వని రెండు ప్రశ్నల సంగతి చూద్దాం.

బాబుని నాయనమ్మ దగ్గరే పడుకోనివ్వండి. మీరుండే ప్రాంతంలో కనిపించే హాంటావైరస్ మనిషి నుంచి మనిషికి అంటదు. దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా, చిలీ వైపు ఉండే ఆండీస్ వైరస్ మాత్రమే మనుషుల మధ్య పాకుతుందని రుజువైంది. 2018 చివర్లో అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే చిన్న ఊళ్ళో అలాగే జరిగింది, 34 మందికి సోకి 11 మంది చనిపోయారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఆ కథ కూడా మీకు కనిపించి ఉంటుంది. అది మీ దగ్గరి వైరస్ కథ కాదు. అత్తగారి చేతి అన్నం తినొచ్చు, ఆవిడ తాగిన గ్లాసు కడిగి వాడుకోవచ్చు, బాబు ఆవిడని కావలించుకోవచ్చు.

రక్తపరీక్ష ఇప్పుడు వద్దు. ఏ లక్షణమూ లేని మనిషికి ఈ పరీక్ష చేస్తే ఏమీ తేలదు. నెగటివ్ వచ్చిందని ధీమాగా ఉండి, రెండు వారాల తర్వాత వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవడమే దానివల్ల జరిగే నష్టం. జ్వరం వస్తే అప్పుడు చేయించాలి. ఎప్పటిదాకా గమనించాలో, ఏం గమనించాలో చివర్లో రాస్తాను. అది మాత్రం మీ వారు, మీరు ఇద్దరూ కూర్చుని చదవండి.

అవకాశం ఎంత అనేది కూడా తెలియాలి. 1993లో లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి 2022 చివరిదాకా అమెరికా మొత్తం మీద నమోదైన హాంటావైరస్ కేసులు 864. అంటే ఏడాదికి ముప్పై కూడా లేవు. వాటిలో ఎక్కువ మీరుండే పడమటి రాష్ట్రాల్లోనే, న్యూమెక్సికో, కొలరాడో రెండింట్లోనూ వందకు పైగా. షెడ్డు ఊడ్చిన వాళ్ళు లక్షల్లో ఉంటారు, జబ్బు పడినవాళ్ళు వందల్లో. కాబట్టి మీ అత్తగారికి ఏమీ కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ. అయితే ఊపిరితిత్తుల దాకా పాకిన వాళ్ళలో పది మందికి దాదాపు నలుగురు చనిపోతున్నారు. వచ్చే అవకాశం బాగా తక్కువ, వస్తే మాత్రం చాలా పెద్ద దెబ్బ. అందుకే భయంతో కూర్చోకుండా, జాగ్రత్త మాత్రం వదలకుండా ఉండాలి.

ఇక మీ వారి మాట. ఆయన్ని తప్పుపట్టను. నేనూ కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణే. వడ్లు నిలవచేసిన పురి విప్పే రోజు మా ఇంట్లో పండగలా ఉండేది. ఎండుగడ్డి వెంటి చుట్టు తర్వాత చుట్టు ఊడొస్తుంటే లోపలినుంచి ఎలుకలు కాళ్ళ మధ్యగా పరిగెత్తేవి, మేం పిల్లలం కర్రలు పట్టుకుని కాచుకుని ఉండేవాళ్ళం. ఆ దుమ్ము, ఆ ఊక, ఆ పెంటికలు అన్నీ పీల్చాం. ఏమీ కాలేదు. "అందుకే ఎక్కడా ఏమీ కాదు" అని మీ వారు అనుకోవడం సహజమే. కానీ ఎలుకలన్నీ ఒకటి కావు. ఒక్కో వైరస్ ఒక్కో జాతి ఎలుకని పట్టుకుని బతుకుతుంది. తెనాలి గాదెలో ఉన్న ఎలుకకి, కొలరాడో షెడ్డులో గూడు కట్టే ఎలుకకి రూపంలోనే కాదు, మోసే జబ్బులోనూ తేడా ఉంది.

మన పొలాల్లో ఎలుకల వల్ల నిజంగా మనుషుల్ని పడేసే జబ్బు లెప్టోస్పైరోసిస్. ఊళ్ళల్లో ఎలుక జ్వరం అంటారు. అది వైరస్ కాదు, బ్యాక్టీరియా. ఎలుకలు, పందికొక్కులు పొలంలో మూత్రం పోస్తాయి, అది నీళ్ళలో కలుస్తుంది, నాట్లకో కలుపుకో దిగిన మనిషి కాలి పగుళ్ళలోంచి, కోసుకున్న గాయంలోంచి లోపలికి పోతుంది. అది తడిలో బతికే ప్రమాదం. మీ షెడ్డులో ఉన్నది పొడి ప్రమాదం. ఎండిన మూత్రం, పెంటికలు, గూడులోని పీచు దుమ్మై గాల్లోకి లేచి ముక్కులోకి పోతేనే ఈ హాంటావైరస్ ఎక్కువగా సోకుతుంది. మన దగ్గర తడికి భయపడాలి, అక్కడ తడే కాపాడుతుంది. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో అందరి బుర్రలోకీ ఎక్కితే నేను రాసిన మిగతాదంతా మర్చిపోయినా ఫరవాలేదు.

(హాంటావైరస్‌లకి మన దక్షిణాదితో అసలు సంబంధమే లేదని కాదు. 1964లోనే తమిళనాడులోని వెల్లూరులో, ముక్కు పొడుగ్గా ఉండి కీచుమంటూ గోడ వారగా పరిగెత్తే చుంచు నుంచి ఒక వైరస్‌ని వేరుచేశారు. అక్కడి పేట పేరు మీదే దాన్ని తొట్టపాళయం వైరస్ అంటారు. అది హాంటా కుటుంబానిదేనని తర్వాత తెలిసింది. కానీ మీ కొలరాడోలో ఉన్నంత ప్రాణాంతకమైన జబ్బు దానివల్ల మనుషులకి వచ్చిన దాఖలా లేదు.)

మీ ప్రాంతపు వైరస్ ఎలా బయటపడిందో చెబితే ఎవరికి వస్తుందన్న మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. 1993 మే నెలలో న్యూమెక్సికోలో ఒక నవాహో యువకుడు ఊపిరాడక ఆసుపత్రిలో చనిపోయాడు. మంచి పరుగు వీరుడు, ఏ రోగమూ లేనివాడు. అతనితో పెళ్ళి కుదిరిన అమ్మాయి కొద్ది రోజుల ముందే అదే లక్షణాలతో పోయింది, ఆమె అంత్యక్రియలకి వెళుతూ ఇతను పడిపోయాడు. వెతికితే న్యూమెక్సికో, అరిజోనా, కొలరాడో, యూటా రాష్ట్రాలు కలిసేచోట అలాంటి చావులు ఇంకా బయటపడ్డాయి. ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్ళు, ఆరోగ్యంగా తిరిగినవాళ్ళు. కొన్ని వారాల్లోనే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇది కొత్త హాంటావైరస్ అని తేల్చింది. మోసేది డీర్ మౌస్ అనే చిట్టెలుక అని కూడా తేలింది. అంతకు ముందు వానలు, మంచు బాగా పడి, పైన్ గింజలు విరగకాసి, ఆ ఎలుకలు ఏడాదిలో పదింతలయ్యాయి. తిండి ఎక్కువైన ఏడు ఎలుక ఎక్కువవుతుందని, దాన్ని ఇంట్లోకి రానివ్వకూడదని నవాహో పెద్దలు ముందునుంచే చెప్పేవారు. శాస్త్రవేత్తలకి దారి చూపినవాటిలో ఆ మాటా ఒకటి. వైరస్‌కి అక్కడి ఒక లోయ పేరు పెట్టబోతే స్థానికులు ఒప్పుకోలేదు, మా నేల పేరు చావుకి అంటగట్టొద్దన్నారు. చివరికి స్పానిష్‌లో "పేరు లేనిది" అని అర్థం వచ్చేలా సిన్ నోంబ్రే అని పెట్టారు.

ఈ కథలో మీ వారు గమనించాల్సింది ఒకటుంది. ఆ యువకుడికి ఒంట్లో బలం తక్కువై జబ్బు రాలేదు. చాలా జబ్బుల్లో షుగర్ ఉందా, ముసలితనమా, రోగనిరోధక శక్తి తగ్గిందా అని చూస్తాం. ఇక్కడ అవి ముందుకి రావు. ఎలుక దుమ్ము పీల్చాడా లేదా అన్నదే అసలు సంగతి. అప్పట్లో రోగుల ఇళ్ళని చుట్టుపక్కల ఇళ్ళతో పోల్చి చూసినప్పుడు రోగుల ఇళ్ళలో ఎలుకలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. మనిషి ఎవరు అనేదాని కన్నా, ఆ మనిషి ఏ గదిలో, ఏ పని, ఎలా చేశాడు అన్నదే ప్రమాదాన్ని నిర్ణయిస్తుంది.

ఆ లెక్కన మీ షెడ్డులోకి వెళదాం. ఉదయం తలుపు తెరిచారు, ఎండ ఏటవాలుగా లోపలికి పడింది. అత్తగారు నడుం వంచి ఊడుస్తున్నారు. ఆ ఎండ చారలో బంగారు రజను లాగా దుమ్ము తేలుతూ ఉంటుంది చూడండి, చీపురు ఆపినా అది చాలాసేపు కిందికి దిగదు. వైరస్ ఉంటే అక్కడే ఉంటుంది. చీపురు నేల మీద ఉంటుంది, వంగిన మనిషి ముఖం దానికి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది. చలికాలమంతా మూసి ఉంచిన గది, గాలి ఆడని చోటు, పొడి చీపురు, కదిలించిన గూడు. ప్రమాదాన్ని పెంచేవన్నీ అక్కడ కలిశాయి. మీరు భయపడటంలో తప్పు లేదు.

ప్రమాదాన్ని తగ్గించేవి కూడా ఉండొచ్చు, అత్తగారిని మెల్లగా అడగండి. ఊడ్చే ముందు తలుపు ఎంతసేపు తీసి ఉంచారు? నీళ్ళు చల్లి ఊడ్చారా? మన ఊళ్ళ వైపు చాలామందికి కళ్ళాపి చల్లి ఊడ్చే అలవాటుంది, ఆవిడ అలా చేసి ఉంటే ఎంతో మేలు. పెంటికలు నల్లగా, మెత్తగా, కొత్తగా ఉన్నాయా, లేక తెల్లబారి వేలితో నలిపితే పొడైపోయేంత పాతవా? ఈ వైరస్ మామూలు గది వేడిలో రెండు మూడు రోజులకి మించి బతకదు, ఎండ తగిలితే ఇంకా త్వరగా చచ్చిపోతుంది. చలిలో మాత్రం ఎక్కువ రోజులు ఉంటుంది. ఎప్పుడో వదిలేసి పోయిన గూడు కన్నా నిన్న రాత్రి ఎలుక పడుకున్న గూడు ప్రమాదం. పెంటికల్ని మళ్ళీ చూడటానికి సంచి మాత్రం విప్పకండి, ఆవిడకి గుర్తున్నంత చాలు.

ఇంకో సంగతి, అది ఏ ఎలుక? డీర్ మౌస్‌కి వీపు గోధుమ రంగులో, పొట్ట, పాదాలు తెల్లగా ఉంటాయి. తోక కూడా పైన ముదురు, కింద తెలుపు. కళ్ళు, చెవులు ఒంటికి పెద్దవిగా కనిపిస్తాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ఒళ్ళంతా ఒకే బూడిద రంగులో ఉండే మామూలు ఇంటి చిట్టెలుక సిన్ నోంబ్రేని మోయదు. పల్లెల అంచున, పొలాలకీ అడవికీ దగ్గరగా ఉన్న ఇంటి షెడ్డులోకి వచ్చేది డీర్ మౌస్ కావడానికే అవకాశం ఎక్కువ. పెంటికలు చూసి మాత్రం తేడా చెప్పలేం కాబట్టి అదేనని అనుకుని నడుచుకోండి. వైరస్ ఉన్న ఎలుక జబ్బుగా కనిపించదు, చలాకీగానే తిరుగుతుంది.

మీరు చదివిన బెట్సీ అరకావా వార్త 2025 ఫిబ్రవరిలో సాంటా ఫేలో జరిగింది. ఆ తర్వాత ఆరోగ్య శాఖ వాళ్ళు ఆ స్థలమంతా వెతికితే ఎలుకల జాడలు కనిపించింది గ్యారేజీలు, షెడ్లు లాంటి బయటి కట్టడాల్లో. వాళ్ళుండే ఇల్లు శుభ్రంగానే ఉంది. ఇల్లు ఎంత అద్దంలా పెట్టుకున్నా పెరటి షెడ్డు వేరే ప్రపంచం.

మీరు సెలవుల్లో తిరిగే చోట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు వేసవి రాగానే నాలుగు కుటుంబాలు కలిసి క్యాబిన్లు బుక్ చేసుకుంటారు. 2012లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో పది మందికి హాంటావైరస్ సోకి ముగ్గురు చనిపోయారు. ఆ పది మందిలో తొమ్మిది మంది దిగింది కర్రీ విలేజ్‌లోని ఒకే రకం గుడారపు క్యాబిన్లలో. చలి ఆగాలని వాటికి రెండు గోడలు పెట్టి మధ్యలో ఇన్సులేషన్ నింపారు. ఆ మధ్య జాగాలో ఎలుకలు గూళ్ళు పెట్టాయి. పడుకున్నవాళ్ళకి గోడ వెనక ఎలుక ఉందని కూడా తెలియదు. అందుకని క్యాబిన్‌లో దిగగానే సామాను దించకుండా, ముందు ఒక్కరు వెళ్ళి తలుపులు కిటికీలు తీసి అరగంట బయటే ఉండండి. మంచం కింద, అలమర మూలల్లో పెంటికలు కనిపిస్తే వేరే క్యాబిన్ అడగండి, మొహమాటపడొద్దు. గుడారం వేస్తే కట్టెల మోపు పక్కన, ఎలుక బొరియల దగ్గర వేయొద్దు. నేల మీద నేరుగా పడుకోవద్దు. పులిహోర, చెగోడీలు మూతలేని గిన్నెల్లో రాత్రంతా ఉంచొద్దు.

ఇంటి దగ్గరైతే నేల కింది క్రాల్ స్పేస్‌లోకి దూరి వైర్లో పైపులో బాగుచేయడం, అటకలో ఇన్సులేషన్ కదిలించడం, చాన్నాళ్ళు నడపని కారు బానెట్ తీయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. కారు ఎయిర్ ఫిల్టర్‌లో గూడు పెడితే ఏసీ వేయగానే ఆ గాలి నేరుగా ముఖం మీదికే వస్తుంది. ఈ పనులు వృత్తిగా చేసే ప్లంబర్లు, కరెంటు పనివాళ్ళు, ఎలుకలు పట్టేవాళ్ళు, పశువుల కొట్టాల్లో పనిచేసేవాళ్ళు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. యూరప్‌లో, ముఖ్యంగా ఫిన్లాండ్‌లో, ప్యూమలా అనే మరో హాంటావైరస్ ఉంది, ఊపిరితిత్తుల కన్నా కిడ్నీలను ఎక్కువ బాధిస్తుంది, ఇంత ప్రాణాంతకం కాదు. అక్కడ పొగ తాగేవాళ్ళకి అది ఎక్కువగా వస్తోందని పరిశోధనల్లో తేలింది. మీ వారికి ఆ అలవాటు ఉంటే మానడానికి ఇదొక కారణమనుకోండి.

ఇప్పుడు షెడ్డు. అత్తగారు ఊడ్చేశారు కదా, అయిపోయిందనుకోవద్దు. లేచిన దుమ్ము చెక్కల మీద, డబ్బాల మీద మళ్ళీ కూర్చుని ఉంటుంది. ఈ పని మీరు చేయకూడదు, అత్తగారూ చేయకూడదు. మీ వారికి అప్పగించండి. ముందు తలుపు, కిటికీ తీసి కనీసం అరగంట వదిలేయాలి, ఆ అరగంట లోపల నిలబడకూడదు. రబ్బరు గ్లౌజులు, ఎన్-95 మాస్కు వేసుకోవాలి. బట్ట మాస్కు చాలదు. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు అప్పటికప్పుడు కలిపి, పెంటికలు, గూడు, మూత్రపు మరకలు ఉన్నచోట నీళ్ళు కారేంతగా తడపాలి. ఐదు నిమిషాలు అలాగే నాననివ్వాలి. ఆ తర్వాతే పేపర్ టవల్‌తో తీసి సంచిలో వేసి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి ముడివేయాలి. నేలంతా అదే నీళ్ళతో తడిబట్ట పెట్టాలి. గ్లౌజులు విప్పకముందే వాటిని బ్లీచ్ నీళ్ళతోనో సబ్బుతోనో కడగాలి, విప్పాక చేతులు మళ్ళీ సబ్బుతో కడుక్కోవాలి. చీపురు వద్దంటే కొందరు వ్యాక్యూమ్ క్లీనర్ తీస్తారు, అది ఇంకా నష్టం, వెనకనుంచి సన్న దుమ్మంతా గాల్లోకి కొడుతుంది. బ్లీచ్‌లో వెనిగర్, బాత్‌రూమ్ క్లీనర్ లాంటివి కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఆ రోజు వాడిన చీపురుని పారేయండి. బ్లీచ్‌లో ముంచలేని అట్టపెట్టెలు, పుస్తకాలు ఎండలో కొన్ని గంటలు పెట్టండి. కొలరాడో ఎండ ఈ పనికి బాగా సరిపోతుంది. పెంటికలు లెక్కపెట్టలేనంతగా ఉంటే మాత్రం సొంతంగా దిగకుండా ఈ పని తెలిసిన వాళ్ళని పిలవండి.

ఎలుక రాకుండా కట్టడి చేయకపోతే ఇదంతా మళ్ళీ వచ్చే చలికాలానికి మామూలే. పావంగుళం సందు, అంటే పెన్సిల్ దూరేంత కంత ఉంటే చాలు చిట్టెలుక దూరిపోతుంది. షెడ్డు తలుపు కింద, పైపులు లోపలికొచ్చే చోట, గ్యారేజీ తలుపు మూలల్లో స్టీల్ ఊల్ కుక్కి పైన సీలెంట్ పూయించండి. బోనుల్లో టక్కున పడి చంపేసే రకమే పెట్టండి. జిగురు అట్టలు, బతికుండగా పట్టే బోనులు జాలిగా అనిపిస్తాయి కానీ భయపడ్డ ఎలుక అందులో మూత్రం పోస్తుంది, మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పక్షుల గింజలు, కుక్క మేత లాంటివి షెడ్డులో ఉంటే మూత బిగించే డబ్బాలోకి మార్చండి.

మీ గురించి కూడా మాట్లాడాలి. మీరు అడగలేదు కానీ ఐదో నెల అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. నేను ఇంతకుముందు సిన్ నోంబ్రేని మోయదన్న బూడిద రంగు ఇంటి చిట్టెలుక, ఎల్‌సీఎం అనే ఇంకో వైరస్‌ని మోస్తుంది. 1933లోనే కనుక్కున్న పాత వైరస్ ఇది. మామూలు మనిషికి సోకితే చాలాసార్లు తెలియకుండానే పోతుంది, కొందరికి జ్వరం, తలనొప్పి, అరుదుగా మెదడు పొరల వాపు. గర్భిణికి సోకితే మాత్రం బిడ్డకి చేరుతుంది, గర్భం పోవచ్చు, లేదా బిడ్డ మెదడుకీ కంటిచూపుకీ శాశ్వతమైన దెబ్బ తగలొచ్చు. ఇది అరుదు. కానీ దీనికి టీకా లేదు, కాబట్టి దూరంగా ఉండటమే పని. కాన్పయ్యేదాకా షెడ్డు, గ్యారేజీ సర్దుళ్ళు మీవి కావు. ఆ సాయంత్రం చెత్త సంచి మీరు తెరిచి చూశారు కదా, ఆ సంగతి మీ గైనకాలజిస్టుకి ఈసారి వెళ్ళినప్పుడు చెప్పండి, జ్వరమేమైనా వస్తే వెంటనే ఫోన్ చేయండి. ఇంకోటి, ఆరేళ్ళ పిల్లలు హామ్‌స్టర్ కొనివ్వమని మారాం చేసే వయసు. షాపులో ఉన్న హామ్‌స్టర్‌కి కూడా చిట్టెలుకల నుంచి ఈ వైరస్ అంటుకోవచ్చు. బాబు అడిగితే చెల్లో తమ్ముడో పుట్టాక చూద్దామని చెప్పండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే దాని గూడు శుభ్రం చేసేది మీ వారే, మీరుండని గదిలో.

ఇక అత్తగారిని ఎలా గమనించాలి. సోకి ఉంటే లక్షణాలు ఒక వారం నుంచి ఎనిమిది వారాల్లోపు మొదలవుతాయి. ఊడ్చిన రోజు తేదీ క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టండి, అక్కడనుంచి 56 రోజులు లెక్కపెట్టి ఆ రోజునీ చుట్టండి. ఈ మధ్యలో జ్వరం, చలి, బాగా నీరసం, ముఖ్యంగా తొడలు, పిరుదులు, నడుము పీకేసేలా ఒళ్ళునొప్పులు వస్తే అదే రోజు డాక్టరుకి చూపించండి. తలనొప్పి, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కూడా ఉండొచ్చు. ముక్కు కారడం, గొంతునొప్పి సాధారణంగా ఉండవు, అవే ముందుంటే మామూలు జలుబు కావడానికి అవకాశం ఎక్కువ. ఈ మొదటి దశ నాలుగు నుంచి పది రోజులు నడుస్తుంది. ఆ తర్వాత దగ్గు, ఆయాసం మొదలైతే గంటల్లో ముదిరిపోతుంది. ఆయాసం కనిపించిందంటే తెల్లవారేదాకా ఆగొద్దు, 911కి ఫోన్ చేయండి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. ఊపిరితిత్తులు తేరుకునేదాకా ఐసీయూలో ఆక్సిజన్, వెంటిలేటర్, అవసరమైతే రక్తానికి ఒంటి బయటే ఆక్సిజన్ పట్టించే ఎక్మో యంత్రంతో ప్రాణం నిలబెడతారు. ముందుగా చేరినవాళ్ళకి బతికే అవకాశం బాగా పెరుగుతుంది.

ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగేది నాకు తెలుసు. అత్తగారికి విజిటర్ ఇన్సూరెన్స్ ఉంటుంది, దానికి కట్టాల్సిన డబ్బు లెక్క ఆవిడకి కూడా తెలుసు. జ్వరం వస్తే "క్రోసిన్ వేసుకున్నానమ్మా, తగ్గిపోతుంది" అని దాస్తారు. పిల్లలకి భారం కాకూడదని ఆ తరం వాళ్ళు ఎంత బాధనైనా పంటి బిగువున ఓర్చుకుంటారు. అందుకే ఈ విషయం ఆవిడకి మీరే చెప్పండి, కానీ "అలా ఎందుకు ఊడ్చారు" అనకండి. ఇంట్లో ఒక మూల మురికిగా ఉంటే చూస్తూ కూర్చోలేని మనిషి, కడుపుతో ఉన్న కోడలు వంగి ఆ పని చేయకూడదని తనే చేసి ఉంటారు. నిందపడిందనుకుంటే జ్వరం వచ్చినా చెప్పరు. "ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా నాకు చెప్పండి అత్తయ్యా, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అని మీ వారు పక్కనుండగా చెప్పండి. రోజూ రాత్రి పడుకోబోయే ముందు థర్మామీటర్ పెట్టి చూడటం బాబు పనిగా పెట్టండి, మనవడు అడిగితే కాదనరు.

డాక్టరు దగ్గరికి వెళితే మొదటి మాటగా ఎలుక పెంటికలు ఊడ్చిన సంగతి, తేదీ చెప్పాలి. చెప్పకపోతే ఎంత మంచి డాక్టరైనా ఫ్లూ అనే అనుకుంటారు. మొదలైన మూడు రోజుల్లోపు చేసిన పరీక్ష నెగటివ్ వచ్చినా, జ్వరం తగ్గకపోతే మళ్ళీ చేయమని అడగండి.

తెనాలి ప్రయాణం ఆపనవసరం లేదు, ఒంట్లో బాగుంటే వెళ్ళనివ్వండి. కానీ మీరు చెప్పిన లెక్క ప్రకారం విమానం ఎక్కేది ఊడ్చిన ముప్ఫయ్యో రోజున. ఇంకా దాదాపు నాలుగు వారాలు గడువు తెనాలిలో గడుస్తుంది. నాకు దీని గురించే ఎక్కువ బెంగగా ఉంది. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తెనాలిలో జ్వరం, ఒళ్ళునొప్పులు, ప్లేట్‌లెట్లు తగ్గడం మూడూ కనిపిస్తే ఏ డాక్టరుకైనా ముందు తట్టేది డెంగీ, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. డెంగీ అనుకుని సెలైన్ సీసాలు వరసగా ఎక్కిస్తే, హాంటాలో ముందే రక్తనాళాల్లోంచి ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతూ ఉంటుంది కాబట్టి, ఆయాసం ఇంకా పెరుగుతుంది. సెలైన్ చాలా కొలతగా ఇవ్వాల్సిన జబ్బు ఇది.

కాబట్టి ఒక చిన్న కాగితం రాసి ఆవిడ పాస్‌పోర్టు కవరులో పెట్టండి. ఇంగ్లీషులో ఒక పక్క, తెలుగులో ఒక పక్క. అందులో ఈ నాలుగు ముక్కలు చాలు: "కొలరాడోలో ఫలానా తేదీన మూసి ఉన్న షెడ్డులో ఎలుక పెంటికలు ఊడ్చారు. ఫలానా తేదీలోపు జ్వరం వస్తే హాంటావైరస్ కూడా అనుమానించండి. సెలైన్ ఎక్కించే ముందు ఊపిరితిత్తులు చూడండి. కొడుకు ఫోన్ నంబరు ఇది." అదే కాగితం ఫోటో తీసి తెనాలిలో మీ మామగారికో, ఆడపడుచుకో వాట్సాప్‌లో పంపండి, పంపాక ఫోన్ చేసి చదివించుకోండి. రెండో తేదీ దాటి ఆవిడకి ఏమీ కాకపోతే ఆ కాగితం చింపేయొచ్చు.